ఆగమమా, ఆదేశమా?

పోయిన నెల మా పట్టణంలో విశ్రాంత ఉపాధ్యాయుల సమావేశానికి వెళ్ళినాను. పింఛను బకాయిల గోష్ఠి ముగిసి, టీ గ్లాసులు చేతికి వచ్చిన తరువాత పిచ్చాపాటీ మొదలైనది. అందులో ఒక పెద్దాయన, ప్రధానోపాధ్యాయుడిగా విరమించి ఇప్పుడు ఒక ప్రైవేటు పాఠశాలకు సలహాదారుగా ఉన్నవారు, ఇట్లా అన్నారు:

"పంతులుగారూ, ఆటిజం పిల్లల్ని చేర్చుకోమంటున్నారు. చేర్చుకుంటాం, మాకేం బాధ? తల్లిదండ్రులే ఒక షాడో టీచర్ని తెచ్చుకోవాలి, అంతే. ఆ పిల్లవాణ్ణి ఆ అమ్మాయి చూసుకుంటుంది. మిగతా నలభై మందినీ మా టీచరు చూసుకుంటుంది. ఎవరి పని వాళ్ళది."

చుట్టూ ఉన్నవారు తలలు ఊపినారు. నేనూ టీ త్రాగి ఇంటికి వచ్చినాను. ముప్పది మూడు సంవత్సరాలు పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పిన నోరు ఆనాడు పెగలలేదు. కారణం ఏమంటే, ఆయన పెట్టిన ఆ షరతు క్రింద చదువుతున్నది మా అమ్మాయి కొడుకే. ఈ సంగతి అక్కడ ఎవరికీ తెలియదు. కోపంతో మాట్లాడితే తాతగా మాట్లాడినట్లు అవుతుంది, ఉపాధ్యాయుడిగా కాదు. అందుచేత ఊరుకున్నాను. ఇప్పుడు కోపం కొంత చల్లారినది. అప్పుడు చెప్పవలసినది ఇక్కడ వ్రాస్తున్నాను.

ముందుగా ఆ పేరు సంగతి. 'షాడో టీచర్' అట. నీడ గురువు! మన పురాణంలో సూర్యుని భార్య సంజ్ఞాదేవి భర్త తాపం భరించలేక, తన నీడను తన స్థానంలో నిలబెట్టి పుట్టింటికి వెళ్ళిపోయినది. ఆ నీడే ఛాయాదేవి. పిల్లలు ఛాయ చేతిలో ఎన్ని అగచాట్లు పడినారో కథ తెలిసిన వారికి చెప్పనక్కరలేదు. మా మనుమడి తరగతిలో జరుగుతున్నదీ అదే. తరగతి ఉపాధ్యాయురాలు ఒక పిల్లవాడి వరకు ఒక నీడను నిలబెట్టి తాను తప్పుకున్నది. ఛాయాదేవి కథలో తప్పంతా ఛాయ మీదనే వేస్తారు. వెళ్ళిపోయిన సంజ్ఞను ఎవరూ అడగరు. ఇక్కడా అంతే. పిల్లవాడు అరిస్తే "మీ షాడో సరిగా లేదండీ" అంటారు.

ఇక వ్యాకరణం. పండిత శిక్షణ పొందినవాడికి వ్యాకరణం రాకుండా ఏ మాటా సాగదు, క్షమించాలి. ఆగమం మిత్రుని వంటిది, ఆదేశం శత్రువు వంటిది అని మా గురువులు మొదటి వారంలోనే వల్లె వేయించేవారు. పేద, ఆలు కలిసి 'పేదరాలు' అయినప్పుడు మధ్యలో ఒక రకారం వచ్చి కూర్చున్నది. పేదా పోలేదు, ఆలూ పోలేదు. రెండింటినీ కలపడానికి వచ్చినది, కలిపినది. అది ఆగమం. తల్లి, తండ్రి కలిసి 'తల్లిదండ్రులు' అయినప్పుడు తకారం లేచిపోయి దాని పీట మీద దకారం కూర్చున్నది. అది ఆదేశం. తరగతిలో సహాయకురాలు రకారం వలె ఉండాలా, దకారం వలె ఉండాలా? పిల్లవాడికీ ఉపాధ్యాయురాలికీ నడుమ, పిల్లవాడికీ తోటి పిల్లలకూ నడుమ వచ్చి ఇరువురినీ కలపాలా, లేక ఉపాధ్యాయురాలిని లేపి ఆ పీట మీద తాను కూర్చోవాలా? నా వాదమంతా ఈ ఒక్క ప్రశ్న మీదనే.

(తెలుగులో ఆటిజానికి 'స్వలీనత' అని ఒక మాట వాడుతున్నారు. తనలో తాను లీనమై ఉండుట అని అర్థం. గ్రీకు మూలానికి సరిపోయే అనువాదమే, కాదనను. కాని ఆ పిల్లలను దగ్గరగా చూసినవారికి అది అన్యాయంగా తోస్తుంది. మా మనుమడు తనలో లీనమై లేడు. మనకు వినబడని పంకా చప్పుడు వానికి వినబడుతుంది, మనకు కనబడని ట్యూబులైటు మినుకు వానికి కనబడుతుంది. ప్రపంచం వానిలోకి ఎక్కువగా వచ్చి పడుతున్నది. అందుకే ఆటిజం అనే వ్రాస్తాను.)

నేను పరిశుద్ధుణ్ణి కాను. ఆ సంగతి ముందే ఒప్పుకొని తరువాత ఇతరుల మీద విరుచుకుపడతాను.

1990ల నడుమ నేను ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గ్రేడు టూ తెలుగు పండితుణ్ణి. ఏడవ తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. పేరు అడిగితే చెప్పేవాడు కాదు. ఏ పద్యపాదం ఇచ్చినా గురులఘువులు గుర్తించి గణాలు విడదీసేవాడు, ఒక్క తప్పు ఉండేది కాదు. ఛందస్సు పదవ తరగతి వారికి చెబుతుండగా కిటికీలోంచి విని నేర్చుకున్నాడని తరువాత తెలిసినది. నాకు దానిలో ముచ్చట కనబడలేదు, పొగరు కనబడినది. మాట్లాడుతుంటే గోడ వైపు చూస్తాడు! "నా ముఖంలోకి చూడు" అని ఒకనాడు గడ్డం పట్టుకొని తల ఇటు త్రిప్పినాను. వాడు నా చేయి కొరికినాడు. నేను కొట్టినాను. ఎంత కొట్టినానో ఇక్కడ వ్రాయడానికి చేతులు రావడం లేదు. అటుపైన నా గంటలో వాణ్ణి వేపచెట్టు క్రింద కూర్చోబెట్టడం అలవాటైనది.

ఆ వేపచెట్టు క్రిందనే మా పాఠశాల ఆయమ్మ నీళ్ళ కుండల దగ్గర కూర్చునేది. గంట కొట్టడమూ ఆమె పనే. మా గంట అంటే వ్రేలాడదీసిన రైలు పట్టా ముక్క. దాని మోత వినగానే వాడు చెవులు మూసుకొని నేల మీద పడి కేకలు వేసేవాడు. మేము పద్నాలుగు మంది ఉపాధ్యాయులం, ఒక్కరికీ కారణం తట్టలేదు. అక్షరం రాని ఆ తల్లికి తట్టినది. గంట కొట్టబోయే ముందు వాని ఎదుటికి వచ్చి, సుత్తి చూపించి, "కొట్టబోతున్నా నాయనా, చెవులు మూసుకో" అని, వాడు మూసుకున్న తరువాత కొట్టేది. పది రోజులలో కేకలు ఆగినవి. నెల తిరిగేసరికి సుత్తి వాని చేతికే ఇచ్చినది. తాను కొట్టే చప్పుడు తనకు భయం కాదు కదా. ఆ సంవత్సరం మా పాఠశాలలో గంటలు నిమిషం తేడా లేకుండా మ్రోగినవి.

నేను చూసిన మొదటి తరగతి సహాయకురాలు ఆమె. జీతం మాత్రం నీళ్ళు పోసినందుకు. వాడు ఎనిమిదవ తరగతి మధ్యలో బడి మానినాడు. ఎవరూ ఇంటికి వెళ్ళి అడగలేదు. నేనూ వెళ్ళలేదు.

అప్పటికి మాకు తెలియదని ఒక సాకు ఉన్నది. లియో కానర్ 11 మంది పిల్లల మీద తన వ్యాసం ప్రకటించినది 1943లో. 1995 నాటి వికలాంగుల చట్టంలో మాత్రం ఆటిజం పేరే లేదు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టంలో వచ్చినది. విద్యాహక్కు మొదలుకొని సమస్తం వర్తించేటట్లు 21 వైకల్యాల పట్టికలో చేరినది 2016 చట్టంతో. అది అమలులోకి వచ్చినది 2017 ఏప్రిల్‌లో. పండిత శిక్షణలో మాకు ఈ మాట ఎవరూ చెప్పలేదు. సికింద్రాబాదులో జాతీయ సంస్థ 1984 నుండి ఉన్నా అక్కడి జ్ఞానం మా మండలానికి దిగలేదు. ఈ సాకు నాకు కొంత పనికి వస్తుందేమో కాని నేటి పాఠశాలలకు బొత్తిగా పనికిరాదు.

ఇప్పుడు మనుమడి సంగతికి వస్తాను. వానికి ఎనిమిదేళ్ళు. హైదరాబాదులో మూడవ తరగతి. చేర్చుకునేటప్పుడే, వాని కోసం ఒక సహాయకురాలిని తల్లిదండ్రులే నియమించుకోవాలి, జీతం వారే ఇవ్వాలి అని పాఠశాలవారు కాగితం మీద సంతకం తీసుకున్నారు. పాఠశాల ఫీజు ఎంతో, ఆ అమ్మాయి జీతమూ ఇంచుమించు అంతే. మా అమ్మాయి, అల్లుడు ఇద్దరూ ఉద్యోగస్థులు కనుక కట్టగలుగుతున్నారు. కట్టలేని వారి పిల్లవాడు ఎక్కడ కూర్చోవాలి? మళ్ళీ వేపచెట్టు క్రిందనేనా?

2016 చట్టం 16వ విభాగం ప్రభుత్వ నిధులు పొందే పాఠశాలలకే కాదు, ప్రభుత్వ గుర్తింపు పొందిన ప్రతి పాఠశాలకూ వర్తిస్తుంది. వివక్ష లేకుండా చేర్చుకోవాలి, పిల్లవాని అవసరానికి తగిన సర్దుబాట్లు చేయాలి, అవసరమైన ఆసరా కల్పించాలి అని అందులో ఉన్నది. ఈ పనులు చేయవలసినది విద్యాసంస్థ. తల్లి గాజులు తాకట్టు పెట్టి ఆసరా కొనుక్కోవాలని ఆ విభాగంలో నాకు ఎక్కడా కనబడలేదు. సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో రజనీశ్ కుమార్ పాండే కేసులో, ప్రాథమిక స్థాయిలో ఇటువంటి పిల్లలు 10 మందికి ఒకరు, ఆ పై తరగతులలో 15 మందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలని చెప్పినది. 2025 మార్చిలో మరల, పోస్టులు ప్రకటించండని రాష్ట్రాలను అడుగవలసి వచ్చినది. మూడేళ్ళు దాటిన తరువాత కోర్టు అదే మాట మళ్ళీ చెప్పవలసి వచ్చినదంటే మధ్యలో ఏమి జరిగినదో వేరే చెప్పాలా? మన మండలాలలోని భవిత కేంద్రాలలో పనిచేసే ప్రత్యేక ఉపాధ్యాయులను అడగండి. ఎన్ని పాఠశాలలు తిరగాలో, కాంట్రాక్టు కాగితం మీద ఎన్నేళ్ళుగా బ్రతుకుతున్నారో వారే చెబుతారు.

విశ్రాంత ఉపాధ్యాయుడినని చెప్పి, బ్రతిమాలి, రెండు రోజులు మనుమడి తరగతిలో వెనుక బల్ల మీద కూర్చునే అనుమతి సంపాదించినాను. చూసినది చూసినట్లు వ్రాస్తాను.

వాని స్థానం చివరి వరుసలో, తలుపు పక్కన. "అరిస్తే వెంటనే బయటికి తీసుకుపోవడానికి వీలుగా" అట. వానికీ తరగతికీ నడుమ సహాయకురాలి కుర్చీ. అంటే వాడు నల్లబల్ల చూడాలంటే ఆమె భుజం మీదుగా చూడాలి. మొదటి రోజు ఉదయం నాలుగు పీరియడ్లు జరిగినవి. ఆ నాలుగింటిలో ఏ ఉపాధ్యాయురాలూ ఒక్కసారి కూడా వాణ్ణి పేరు పెట్టి పిలవలేదు. హాజరు పిలిచినప్పుడు వాని పేరు వస్తే సహాయకురాలే "ప్రెజెంట్ మేడమ్" అన్నది. ఒక పిల్లవాడు వచ్చి "అక్కా, వీడికి క్రికెట్ ఇష్టమా?" అని ఆమెను అడిగినాడు. వాడు పక్కనే ఉన్నాడు! ఆమె "తెలియదు నాన్నా, వెళ్ళి కూర్చో" అన్నది. తెలుగు పీరియడులో వాని చేతిని తన చేతిలోకి తీసుకొని నోటు పుస్తకంలో వ్రాయించినది. గుండ్రని అక్షరాలు, ముత్యాల వలె. సాయంత్రం పాఠశాలవారు ఆ పుస్తకమే నాకు చూపించి, "చూడండి సార్, ఎంత బాగా వ్రాస్తున్నాడో" అన్నారు. నలభై వేల దస్తూరీలు దిద్దినవాణ్ణి. ఆ దస్తూరీ మా వాడిది కాదు. వాడు 'క' వ్రాస్తే తలకట్టు ఆకాశంలో ఉంటుంది. ఆ వంకర 'క' నాకు కావాలి. అది వాడు వ్రాసినది.

ఆ అమ్మాయిని తప్పు పట్టడం లేదు. డిగ్రీ చదివినది, ఇంటిలో పెద్దది. "నీకు ఏమి నేర్పినారమ్మా?" అని అడిగితే, మూడు రోజులు వీడియోలు చూపించినారని చెప్పినది. "ఉపాధ్యాయురాలు నీతో రోజూ మాట్లాడుతుందా?" అంటే, "నాతో ఎందుకు మాట్లాడతారు సార్?" అని నన్నే తిరిగి అడిగినది. ఏ పాఠం జరుగబోతున్నదో ఆమెకూ ముందుగా తెలియదు. పిల్లవాడు విన్నప్పుడే ఆమే వింటున్నది. అట్లాంటప్పుడు ఆమె వానికి ఏమి విడమరచి చెప్పగలదు?

ఇది మా ఒక్క తరగతి కథ కాదు. అమెరికాలో మైకేల్ జియాంగ్రెకో, అతని సహచరులు 1997లోనే ఈ సంగతి వ్రాసినారు. సహాయకులు విడవకుండా అంటిపెట్టుకొని ఉంటే తరగతి ఉపాధ్యాయుడు ఆ పిల్లవాడు తనవాడు కాదన్నట్లు ప్రవర్తిస్తాడని, తోటి పిల్లలు దూరమవుతారని, పిల్లవాడు ప్రతిదానికీ పెద్దల మీద ఆధారపడతాడని వారు చూపినారు. ఇంగ్లండు, వేల్సులలో పీటర్ బ్లాచ్‌ఫోర్డ్ బృందం 2003 నుండి 2008 వరకు చేసిన పెద్ద పరిశీలనలో ఇంకా చేదు సంగతి బయటపడినది. సహాయకుల దగ్గర ఎక్కువ కాలం గడిపిన పిల్లలు, అదే స్థాయిలో ఉండి అంత సహాయం పొందని పిల్లల కంటే చదువులో తక్కువ ముందుకు పోయినారు. పిల్లలు బలహీనులు గనుక అనుకోవడానికి వీలు లేకుండా, ఆ తేడాలను లెక్కలోకి తీసుకునే ఈ మాట చెప్పినారు. దోషం సహాయకులది కాదని, వారికి తర్ఫీదు ఇవ్వకుండా, ఉపాధ్యాయునితో మాట్లాడే సమయం ఇవ్వకుండా, కష్టమైన పిల్లలను వారికి అప్పజెప్పిన పద్ధతిదేనని కూడా వారే తేల్చినారు. ఇది విని "అయితే సహాయకులే వద్దు" అనేవారు బయలుదేరతారని నాకు తెలుసు. వారికి నా దండం. రుగాగమం తీసేస్తే పేద ఒక చోట, ఆలు ఒక చోట పడి ఉంటాయి.

మరి సహాయకురాలు ఏమి చేయాలి? మొదటగా, వేచి ఉండాలి. ఇదే అన్నింటికంటే కష్టమైన పని. ప్రశ్న అడిగిన తరువాత మా వానికి జవాబు రావడానికి ఎనిమిది, పది సెకన్లు పడుతుంది. మూడవ సెకనులో ఆమె ప్రశ్నను మార్చి అడుగుతుంది. వాడు మొదటి నుండి మొదలుపెట్టాలి. అయిదవ సెకనులో జవాబు చెప్పేస్తుంది. లోలోపల పది లెక్కపెట్టమ్మా అని చెప్పినాను. పది లెక్కపెట్టినాక వేలితో చూపు. అప్పటికీ రాకపోతే ఒక్క మాట అందించు. చేయి పట్టుకోవడం ఆఖరి మెట్టు. ఈ వారం చేయి పట్టుకొని చేయించినది వచ్చే నెలకు వేలు చూపితే చేయాలి, ఆ పై నెలకు కనుసైగతో చేయాలి. సహాయం తరిగిపోవడమే సహాయానికి గుర్తు. తరగకుండా ఏడాది పొడుగునా అంతే ఉన్నదంటే పిల్లవాడు నేర్చుకోలేదు, మనం అలవాటు చేసినాము.

రెండవది మాట. ఇందులో తెలుగువాళ్ళం ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. మన భాషలో వ్యతిరేకార్థం క్రియ తోకలో ఉంటుంది. "పరుగెత్తకు" అంటే మొదట వినబడేది పరుగు, వద్దన్నది చివరి రెండు అక్షరాలలోనే. మాటను ఆలస్యంగా పట్టుకునే పిల్లవాని చెవికి పరుగు అందుతుంది, తోక జారిపోతుంది. వాడు పరుగెత్తుతాడు, మనం మొండివాడంటాము. "నడువు" అంటే పోయె! ఏమి చేయకూడదో కాక ఏమి చేయాలో చెప్పాలి. అట్లాగే జాతీయాలు. జీవితమంతా జాతీయాల మీద మార్కులు వేసినవాణ్ణి, ఈ మాట చెప్పడానికి కష్టంగానే ఉన్నది. నేను అక్కడ ఉన్న రెండవ రోజే ఒక ఉపాధ్యాయురాలు విసుగుతో "నా బుర్ర తినకు" అన్నది. మా వాడు వెక్కివెక్కి ఏడ్చినాడు. "నేను తినలేదు, నేను తినలేదు" అంటున్నాడు. తరగతి నవ్వినది. ఆ క్షణంలో సహాయకురాలు చేయవలసినది వాణ్ణి బయటికి లాక్కుపోవడం కాదు. "మేడమ్‌కి విసుగు వచ్చింది. అది ఒట్టి మాట. నువ్వేమీ తినలేదు. పుస్తకం తెరువు, 34వ పుట" అని చెవిలో నాలుగు చిన్న వాక్యాలు చెప్పడం. అన్వయం చెప్పడమంటే అదే కదా. మల్లినాథుడు కాళిదాసుకు చేసిన పని.

మా వాడు దాహం వేస్తే "నీకు నీళ్ళు కావాలా?" అంటాడు. మనం వానిని ఎట్లా అడుగుతామో అట్లాగే, అక్షరం పొల్లు పోకుండా. సర్వనామం తారుమారు కావడం కానర్ 1943లోనే గుర్తించినాడు. తెలియనివారు చిలకపలుకు అంటారు. అది చిలకపలుకు కాదు, వినతి. "నాకు నీళ్ళు కావాలి" అని సహాయకురాలు వాని తరఫున సరైన వాక్యం మెల్లగా అందించి, గ్లాసు వెంటనే ఇవ్వాలి. సరిగా అనేదాకా గ్లాసు ఇవ్వననడం పాఠం కాదు, హింస.

మూడవది, ముందుగా చెప్పడం. మా ఆయమ్మ రైలు పట్టా దగ్గర చేసినది. ఇవాళ ఏ పీరియడ్ తరువాత ఏది, ఎప్పుడు భోజనం, ఎప్పుడు ఇల్లు, ఇవి బొమ్మలుగా ఒక అట్ట మీద అంటించి వాని బల్ల మీద పెడితే, అయిపోయినదాన్ని అయిపోయినట్లు తీసివేస్తుంటే, సగం అల్లరి లేదు. పి.టి. పీరియడ్ రద్దయితే పెద్దలం మనమే చిరాకు పడతాము. చెప్పకుండా రద్దయితే వానికి భూమి కదిలినట్లు. ప్రార్థనలో మైకు కీచుమంటే వాడు చెవులు మూసుకుంటాడు, కాళ్ళ వేళ్ళ మీద లేస్తాడు, చేతులు ఆడిస్తాడు. ఆ చేతులను పట్టి ఆపేవారే అందరూ! ఆ ఆడింపు వాడు తనను తాను నిలబెట్టుకునే ఉపాయం. ఆపవలసినది మైకు. లేదా వాణ్ణి వరుస చివర, మైకుకు దూరంగా నిలబెట్టాలి, చెవులకు మఫ్స్ ఇవ్వాలి. పొంగబోయే పాలకు ముందుగా చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు పసిగట్టే మనిషి పక్కన ఉండడమే సహాయకురాలి వలన అసలు లాభం. పొంగిన తరువాత పాఠాలు చెప్పడం, బెదిరించడం, "సారీ చెప్పు" అనడం వలన ఏమీ రాదు. నిశ్శబ్దంగా ఉన్న చోటు, తక్కువ మాటలు, కొంత సమయం, అంతే.

ఇక కుర్చీ. ఆ కుర్చీని వాని పక్క నుండి తీయాలి. ఆమె తరగతి అంతా తిరగాలి. సున్నాలు తప్పు పెట్టే వానికీ, పెన్సిలు లేని వానికీ సహాయం చేస్తూ, ఒక కన్ను మా వాని మీద ఉంచాలి. అప్పుడు ఆమె 'వాడి అక్క' కాదు, తరగతి అక్క. ఎవరైనా "వీడికి క్రికెట్ ఇష్టమా?" అని అడిగితే "వాడినే అడుగు, జవాబు కొంచెం ఆలస్యంగా చెబుతాడు, ఆగు" అనాలి. అంతవరకే ఆమె పని. తరువాతది పిల్లలు చూసుకుంటారు. పిల్లలు మనకంటే మంచివారు, మనం చెడగొట్టేదాకా.

అడ్డు చెప్పేవారికి ఒక మాట ఇస్తాను. కొందరు పిల్లలు గేటు తీసి ఉంటే రోడ్డు మీదికి పరుగెత్తుతారు, తలను గోడకు కొట్టుకుంటారు. వారి పక్కన మనిషి చేయి అందేంత దూరంలో ఉండక తప్పదు. నలభై అయిదు మంది తరగతిలో ఒక్క ఉపాధ్యాయుడు ఏమి చేయగలడన్న మాటలోనూ నిజం ఉన్నది. అంత మందితో నేనూ వేగినాను. తల్లిదండ్రులలోనూ, మా అమ్మాయితో సహా, సహాయకురాలు క్షణం కూడా కదలకూడదని పట్టుబట్టేవారు ఉన్నారు. జీతం మేము ఇస్తున్నాము కదా అన్నది వారి మనసులో మాట. కాని ఆ జీతం వారు ఇవ్వడమే కదా మూలదోషం! పాఠశాల నియమిస్తే ఆమె పాఠశాల మనిషి అవుతుంది, ఉపాధ్యాయుల గదిలో ఆమెకూ ఒక కుర్చీ ఉంటుంది. తల్లిదండ్రులు నియమిస్తే ఆమె ఇటు పనిమనిషీ కాదు, అటు ఉపాధ్యాయినీ కాదు. వేసవి సెలవులలో జీతం లేదు. పిల్లవాడికి జ్వరం వచ్చి బడికి రాకపోతే ఆ రోజు జీతం కోత. అటువంటి ఉద్యోగంలో ఎవరు రెండేళ్ళు నిలుస్తారు? మా వానికి ఇప్పుడున్నది మూడవ అమ్మాయి. ప్రతి కొత్త ముఖంతో వాడు మొదటి నుండి మొదలుపెట్టవలసినదే.

పైగా ఈ పనిని చిన్నచూపు చూసేవారు ఉపాధ్యాయులే కావడం వింత. మన సర్వీసులో నేను విరమించిన హోదా పేరు ఏమిటి? స్కూల్ అసిస్టెంట్! పాఠశాల సహాయకుడు. ఆ పేరుతోనే 2019లో శాలువా కప్పించుకున్నాను. సహాయకుడన్న మాట నాకు బిరుదు, ఆ అమ్మాయికి తక్కువతనమా?

సమావేశంలో ఆ పెద్దాయన అన్న మాటలో నాకు మిక్కిలి బాధ కలిగించినది చివరి ముక్క: "ఎవరి పని వాళ్ళది." అయ్యా, నలభై మంది మీ టీచరు పని, ఒక్కడు మాత్రం ఆ అమ్మాయి పని అంటే, మీ పాఠశాలలో నలభై ఒక్క మంది లేరన్నమాట. హాజరు పట్టీలో మాత్రం నలభై ఒక్క పేర్లు వ్రాసి ఫీజు వసూలు చేస్తున్నారు. ప్రధానోపాధ్యాయుడిగా మీరు ఒకప్పుడు నాకు లెసన్ ప్లాను లేదని మెమో ఇచ్చినారు, గుర్తుందా? ఆ మెమో న్యాయమైనదే. ఇవాళ మీ పాఠశాలలో ఆ ఒక్క పిల్లవాని కోసం లెసన్ ప్లాను ఎవరు వ్రాస్తున్నారో చూపించండి.

మా అమ్మాయి తరఫున నేను పాఠశాలకు ఒక ఉత్తరం వ్రాసినాను. కోరినవి పెద్దవి కావు. వాని స్థానాన్ని తలుపు దగ్గర నుండి రెండవ వరుసకు మార్చాలి. తరగతి ఉపాధ్యాయురాలు పీరియడుకు ఒక్కసారైనా వాణ్ణి పేరు పెట్టి పిలిచి, జవాబు కోసం ఆగాలి. రోజూ ఉదయం పది నిమిషాలు ఉపాధ్యాయురాలూ సహాయకురాలూ కూర్చొని ఆ రోజు పాఠం మాట్లాడుకోవాలి. నోటు పుస్తకంలో వాడు వ్రాసినది మాత్రమే ఉండాలి, వంకర అయినా సరే. సహాయకురాలిని పాఠశాలే నియమించే సంగతి వచ్చే విద్యాసంవత్సరానికి ముందే తేల్చాలి. చట్టం విభాగాల సంఖ్యలు క్రింద వ్రాసినాను, బెదిరింపుగా కాదు, చదువుకుంటారని.

ఎనిమిది రోజులకు జవాబు వచ్చినది. మొదటి కోరిక తీర్చినారు. వాడు ఇప్పుడు రెండవ వరుసలో కూర్చుంటున్నాడు. మిగిలినవి మాట్లాడడానికి సోమవారం పదకొండు గంటలకు రమ్మన్నారు. ఆ అమ్మాయిని కూడా సమావేశానికి పిలవండని తిరిగి వ్రాసినాను. "ఆమె బయట పిల్లవాడితో ఉంటుంది కదా సార్" అని ఫోనులో చెప్పినారు. ఆ గంటసేపు వాణ్ణి వాని ఉపాధ్యాయురాలి దగ్గర ఉంచండి అన్నాను. అవతల కొంతసేపు మాట లేదు. నేను లోలోపల పది లెక్కపెట్టినాను.

"చూస్తాం సార్" అన్నారు.